గేటు దగ్గరే అడ్వాన్స్ ఇచ్చేసే క్లోరిన్

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివాను. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం, ఎంపీసీ. ఫ్రీ రాడికల్ సబ్‌స్టిట్యూషన్‌లో, అంటే వెలుగులో హైడ్రోజన్ స్థానంలోకి క్లోరిన్ లాంటిది చేరే చర్యలో, ఇనిషియేషన్, ప్రాపగేషన్, టెర్మినేషన్ అనే మూడు దశలూ నిద్రలో లేపి అడిగినా చెప్తాను. కానీ మొన్న మాక్ టెస్ట్‌లో ప్రొపేన్‌కి వెలుగులో బ్రోమిన్ కలిపితే ప్రధానంగా ఏం వస్తుందని అడిగితే 1-బ్రోమోప్రొపేన్ అని పెట్టాను. చివర్లలో ఆరు హైడ్రోజన్లున్నాయి, మధ్యలో రెండే కదా అనుకున్నాను. తప్పయింది. సార్‌ని అడిగితే "క్లోరిన్ రియాక్టివ్, బ్రోమిన్ సెలెక్టివ్, అంతే, గుర్తుపెట్టుకో" అన్నారు. ఎందుకని అడిగితే సిలబస్ అవలేదు, తర్వాత చూద్దామన్నారు. ఇంకో డౌట్ కూడా ఉంది. మీథేన్, క్లోరిన్ కలిపి పెడితే వెలుగు పడగానే క్లోరినే ఎందుకు విడిపోవాలి, మీథేన్ ఎందుకు విడిపోకూడదు? ఈ టాపిక్ మీద టైమ్ వేస్ట్ చెయ్యకని మా రూమ్మేట్ అంటోంది. నాకేమో అర్థం కాకుండా ముందుకెళ్లాలంటే టెన్షన్‌గా ఉంది.
– పేరు రాయొద్దన్న ఒక విద్యార్థిని

జవాబు: అమ్మాయీ, నీ జవాబు తప్పే గానీ నీ లెక్కలో సగం ఒప్పు ఉంది. ఆ సగాన్ని చెరిపెయ్యకు, దాంతో పనుంది. ఆరు, రెండు అని హైడ్రోజన్లు లెక్కపెట్టడం సరైన పద్ధతే. ఆ ఆరింటిలో ఒక్కొక్కటి ఎంత తేలిగ్గా ఊడుతుంది, ఈ రెండింటిలో ఒక్కొక్కటి ఎంత తేలిగ్గా ఊడుతుంది అన్నది నువ్వు చూడలేదు. అన్నీ సమానమే అనుకున్నావు.

ముందు నీ రెండో డౌట్ తీసుకుంటాను, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది బోర్డు మీద ఇనిషియేషన్ అని రాసి, మీథేన్‌ని మిథైల్ రాడికల్‌గా (రాడికల్ అంటే జతలేని ఎలక్ట్రాన్ మిగిలిన ముక్క, రాతలో దాన్ని చుక్క పెట్టి చూపిస్తాం), హైడ్రోజన్ పరమాణువుగా విడగొట్టేశాను. వెనక బెంచీ కుర్రాడొకడు లేచి, "మేడమ్, మరి ఆ హైడ్రోజన్లు రెండేసి కలిసి హైడ్రోజన్ వాయువు రావాలి కదా, పుస్తకంలో లేదేంటి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి కూర్చుని బంధశక్తుల పట్టిక ముందేసుకున్నాను. అప్పటినుంచి ఈ పాఠం మూడు దశలతో మొదలుపెట్టడం మానేసి ఆ పట్టికతోనే మొదలుపెడుతున్నాను.

పట్టికలో మనకు కావలసినవి కొన్నే. క్లోరిన్ అణువులో రెండు పరమాణువుల మధ్య బంధం తెంచాలంటే మోల్‌కి 242 కిలోజౌళ్లు చాలు. మీథేన్‌లో కార్బన్-హైడ్రోజన్ బంధానికి 439 కావాలి. వెలుగు లెక్కలోకి మారిస్తే 242 కిలోజౌళ్లంటే సుమారు 494 నానోమీటర్లు, అంటే కంటికి కనిపించే నీలి ఆకుపచ్చ వెలుగు. అంతకన్నా తక్కువ తరంగదైర్ఘ్యం ఉన్న కాంతికి ఆ బంధాన్ని తెంచే శక్తి ఉంటుంది. 439 కావాలంటే 272 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి ఉండాలి. దాన్ని పైన ఓజోన్ పొరే ఆపేస్తుంది, మన కిటికీ దాకా రాదు. పైగా మీథేన్‌కి రంగు లేదు, కనిపించే వెలుగును అది పీల్చుకోదు. క్లోరిన్ పసుపుపచ్చగా కనిపిస్తోందంటేనే నీలం వైపు వెలుగును మింగుతోందని అర్థం. మింగింది విడిపోతుంది, మింగనిది అలాగే ఉంటుంది. అంతకు మించి అందులో రహస్యం లేదు.

అలా పుట్టిన క్లోరిన్ రాడికల్ మీథేన్ నుంచి హైడ్రోజన్ పరమాణువును లాక్కుంటుంది. హైడ్రోజన్ క్లోరైడ్, మిథైల్ రాడికల్ వస్తాయి. ఆ మిథైల్ ఇంకో క్లోరిన్ అణువు దగ్గరికెళ్లి ఒక పరమాణువు తీసుకుని, రెండోదాన్ని రాడికల్‌గా వదిలేస్తుంది. అది మళ్లీ మీథేన్ మీదికి. ఒక్క కాంతి కణం పడితే వేల అణువుల మిథైల్ క్లోరైడ్ తయారవుతుందంటే ఈ గొలుసు వల్లే. రాడికల్ రాడికల్‌ని కలిస్తే గొలుసు తెగుతుంది. కానీ చుట్టూ ఉన్నవన్నీ మామూలు అణువులే, రాడికల్స్ ఎక్కడో ఒకటి. తిరునాళ్ల జనంలో మీ వీధివాళ్లే ఇద్దరు అనుకోకుండా ఎదురుపడ్డట్టు, ఎప్పుడో గాని జరగదు. పాత్రలో కాస్త ఆక్సిజన్ మిగిలిపోయిందనుకో, అది మిథైల్ రాడికల్‌ని పట్టేసుకుంటుంది. ఆక్సిజన్ అయిపోయేదాకా చర్య నత్తనడకే. చివర్లో వచ్చే సరుకులో కొంచెం ఈథేన్ కూడా కనబడుతుంది, రెండు మిథైల్స్ కలిశాయనడానికి అదే సాక్ష్యం. హైడ్రోజన్ వాయువు మాత్రం ఉండదు. ఆ కుర్రాడి ప్రశ్నకి మర్నాడు క్లాసులో ఇదే జవాబు చెప్పాను.

కంటికి కనబడని చుక్క పెట్టుకున్న పరమాణువుల్ని ఎలా నమ్మాలని నీకు అనిపించవచ్చు. పెద్దవాళ్లకే నమ్మబుద్ధి కాలేదు. హైడ్రోజన్ స్థానంలో క్లోరిన్ వచ్చి కూర్చుంటుందని ఫ్రాన్స్‌లో డ్యూమా 1830లలో చెబితే, జర్మనీలో వోలర్ 1840లో ఒక ఉత్తుత్తి పరిశోధన పత్రం రాశాడు. అందులో అణువులోని అన్ని పరమాణువులనీ వరసగా తీసేసి క్లోరిన్‌తో నింపేస్తాడు, లండన్ దుకాణాల్లో క్లోరిన్‌తో నేసిన బట్టలు అమ్ముతున్నారని కూడా రాస్తాడు. రచయిత పేరు ఎస్.సి.హెచ్. విండ్లర్. కలిపి చదివితే జర్మన్‌లో మోసగాడని అర్థం. క్లోరిన్ హైడ్రోజన్ సీట్లో కూర్చోవడం చివరికి నిజమేనని తేలింది, వెక్కిరింత చరిత్రలో మిగిలింది. మిథైల్ రాడికల్ విడిగా ఉంటుందని 1929లో పానెత్ గాజు గొట్టంలో చూపించాడు. సీసం ఉన్న మిథైల్ సమ్మేళనం ఆవిరిని పంపుతూ గొట్టాన్ని ఒకచోట వేడిచేస్తే లోపల సీసం అద్దంలా పేరుకుంది. తర్వాత ఆవిరి వచ్చే వైపు ఇంకోచోట వేడిచేస్తే, ముందు పేరుకున్న అద్దం చెరిగిపోయింది. అంటే ఏదో గొట్టం వెంట ప్రయాణం చేసి వచ్చి సీసాన్ని ఎత్తుకెళ్లింది. అదే మిథైల్ రాడికల్.

ఇక అసలు సంగతి, ప్రొపేన్. క్లోరిన్‌తో గది ఉష్ణోగ్రత దగ్గర చేస్తే, చివరి హైడ్రోజన్ ఒకటి ఊడే వేగాన్ని 1 అనుకుంటే మధ్య హైడ్రోజన్ ఒకటి ఊడే వేగం 3.8. ఇప్పుడు నీ ఆరు, రెండు బయటికి తియ్యి. ఆరు ఒకట్లు ఆరు, రెండు 3.8లు 7.6. మొత్తం 13.6. శాతాల్లో 44, 56. ప్రయోగంలో వచ్చేది 45, 55. బ్రోమిన్‌తో 127 డిగ్రీల దగ్గర అదే నిష్పత్తి 1కి 82. ఆరు ఒకట్లు ఆరు, రెండు 82లు 164. అంటే మధ్య కార్బన్ మీద బ్రోమిన్ ఉన్నది 96.5 శాతం. ప్రయోగంలో 97. నువ్వు టిక్కు పెట్టింది మిగతా 3 శాతానికన్నమాట. మూడు కార్బన్లు అంటుకున్న టెర్షియరీ హైడ్రోజన్‌కైతే క్లోరిన్ దగ్గర 5, బ్రోమిన్ దగ్గర 1600.

82 ఎందుకు, 3.8 ఎందుకు అంటే మీ సార్ చెప్పిన వాక్యం పనికిరాదు. ఆకలి రుచి ఎరగదు కాబట్టి క్లోరిన్ దొరికింది తింటుందని ఇంకొందరు చెప్తారు. వినడానికి బాగుంటుంది, లెక్క రాదు. మళ్లీ పట్టికకే వెళ్దాం.

చివరి హైడ్రోజన్ తెంచడానికి సుమారు 423, మధ్యదానికి 412. పుస్తకాన్ని బట్టి ఈ అంకెలు కాస్త అటూఇటూ ఉంటాయి, తేడా మాత్రం పదీ పదకొండు దగ్గరే ఉంటుంది. హైడ్రోజన్ క్లోరైడ్ బంధం ఏర్పడితే 431 వస్తుంది. అంటే క్లోరిన్‌కి చివరిది తీసినా 8 మిగులు, మధ్యది తీస్తే 19 మిగులు. రెండూ లాభమే. హైడ్రోజన్ బ్రోమైడ్ బంధానికి వచ్చేది 366 మాత్రమే. బ్రోమిన్‌కి చివరిది తీస్తే 57 నష్టం, మధ్యది తీస్తే 46 నష్టం.

ఇక్కడ నువ్వు తెలివైనదానివైతే, నీ ఉత్తరం చూస్తే తెలివైనదానివే అనిపిస్తోంది, వెంటనే అడగాలి. "మేడమ్, రెండుచోట్లా తేడా 11 కిలోజౌళ్లే కదా? మరి ఒకచోట 3.8, ఇంకోచోట 82 ఎలా?" చాలామంది ఈ ప్రశ్న దాకా రారు. వచ్చినవాళ్లకి మిగతాదంతా నల్లేరు మీద నడక.

వేగాన్ని నిర్ణయించేది మొదలుకీ చివరకీ ఉన్న తేడా కాదు, మధ్యలో ఎక్కాల్సిన గట్టు ఎత్తు. ఆ గట్టు శిఖరాన్నే ట్రాన్సిషన్ స్టేట్ అంటాం. చర్య దిగుడు (శక్తి మిగిలేది) అయితే ఆ శిఖరం తొందరగా వస్తుంది, ఎక్కుడు (శక్తి నష్టపోయేది) అయితే చివరి దాకా వెళ్లాక వస్తుంది. 1955లో జార్జ్ హామండ్ చెప్పిన సూత్రం ఇదే.

ఇద్దరు అద్దె ఇల్లు చూడటానికి వెళ్లారనుకో. ఒకాయన చేతిలో డబ్బు బాగా ఉంది. గేటు దగ్గరే "సరే, నచ్చింది" అని అడ్వాన్స్ ఇచ్చేస్తాడు. లోపల వంటింటికి గాలి వస్తుందా, రెండో బాత్రూమ్‌లో నీళ్లు వస్తాయా అన్న తేడాలు ఆయన నిర్ణయంలోకి రావు, ఆయన చూసిందే లేదు. రెండో ఆయనకి డబ్బు చాలదు, అప్పు చేసి ఇవ్వాలి. ఆయన లోపలికెళ్లి, ప్రతి కుళాయీ తిప్పి, మేడ మీద ట్యాంకు మూత కూడా ఎత్తి చూసి, అప్పుడు మాట ఇస్తాడు. రెండిళ్ల మధ్య తేడా ఇద్దరికీ ఒకటే. మొదటాయన ఎంపికలో అది కొంచెమే కనిపిస్తుంది, రెండో ఆయన ఎంపికలో మొత్తం కనిపిస్తుంది.

క్లోరిన్ శిఖరం చేరేసరికి కార్బన్-హైడ్రోజన్ బంధం ఇంకా కాస్తే సాగి ఉంటుంది. కార్బన్ మీద రాడికల్ సరిగా ఏర్పడనే లేదు, అది ప్రైమరీయా (చివరిదా) సెకండరీయా (మధ్యదా) అన్నది ఎంత లెక్కలోకి వస్తుంది? ఆ 11లో మూడో వంతు. బ్రోమిన్ శిఖరం చేరేసరికి బంధం దాదాపు తెగిపోయి, కార్బన్ రాడికల్ దాదాపు తయారై ఉంటుంది. తేడా దాదాపు పూర్తిగా లెక్కలోకి వస్తుంది. పైగా గట్టు ఎత్తు వేగంలోకి మారేటప్పుడు ఘాతం రూపంలో మారుతుంది. అందుకే శక్తిలో కొద్ది కిలోజౌళ్ల తేడా, వేగంలో ఇరవై రెట్లకు పైగా కనిపించింది.

ఉష్ణోగ్రత పెంచితే క్లోరిన్ ఇంకా ఎంచుకోకుండా పోతుంది, మూడు రకాల హైడ్రోజన్లూ ఊడే వేగాలు ఒకదానికొకటి దగ్గరవుతాయి. పరీక్షలో ఉష్ణోగ్రత ఇచ్చారంటే ఊరికే ఇవ్వలేదని గుర్తు. మిగిలిన రెండు హేలోజన్ల సంగతి నువ్వే తేల్చుకోగలవు. హైడ్రోజన్ ఫ్లోరైడ్‌కి 569, హైడ్రోజన్ అయోడైడ్‌కి 299. మీథేన్ 439లోంచి తీసి చూడు. ఫ్లోరిన్ ఎందుకు పేలుతుందో, అయోడిన్ ఎందుకు కదలదో రెండు తీసివేతల్లో వస్తుంది.

మా కాలేజీ ల్యాబ్‌లో దీన్ని ఇలా చూపించేవాళ్లం. రెండు పరీక్షనాళికల్లో హెక్సేన్ పోసి, రెంటిలో కొన్ని చుక్కల బ్రోమిన్ వేస్తాం. రెండూ ఒకేలా నారింజ గోధుమ రంగు. ఒకదానికి నల్ల కాగితం చుట్టి స్టాండులో పెట్టి, రెండోదాన్ని ఎండ పడే కిటికీ గట్టు మీద పెడతాం. పిల్లలు కబుర్లలో పడేలోపే కిటికీ దగ్గరిది పలచబడుతూ వచ్చి, నీళ్లలా తేటగా అయిపోతుంది. నాళిక మూతి దగ్గర తడి నీలి లిట్మస్ పెడితే ఎర్రబడుతుంది. అమోనియాలో ముంచిన గాజు కడ్డీ దగ్గరికి తెస్తే తెల్లటి పొగ లేస్తుంది. అది హైడ్రోజన్ బ్రోమైడ్, అంటే హెక్సేన్ నుంచి ఊడిన హైడ్రోజనే బ్రోమిన్ చెయ్యి పట్టుకుని బయటికొచ్చింది. అప్పుడు నల్ల కాగితం విప్పితే లోపల రంగు వేసినప్పటిలాగే ఉంటుంది. హెక్సేన్ బదులు ద్విబంధం ఉన్న హెక్సీన్ వేసి ఉంటే చీకట్లో కూడా రంగు పోయేది, పొగ వచ్చేది కాదు, ఎందుకంటే అక్కడ బ్రోమిన్ చేరిపోతుంది, దేన్నీ ఊడదీయదు. ఇది మీ ల్యాబ్‌లో మీ సార్ చేత చేయించుకో. హాస్టల్ గదిలో కాదు. బ్రోమిన్ చర్మం మీద పడితే లోతుగా కాలుతుంది, ఆవిరి పీల్చకూడదు.

మీ రూమ్మేట్ మాటకి వస్తాను. ఒక్క పాఠమే అయితే ఆ అమ్మాయి చెప్పింది నిజమే కావచ్చు. కానీ ఇదే పట్టిక పెట్టుకుని ఇంకో మూడు చోట్ల బట్టీ తప్పించుకోవచ్చు. టోలుయీన్‌కి వెలుగులో క్లోరిన్ ఇస్తే పక్కనున్న మిథైల్ మీదే ఎందుకు పడుతుంది? ఆ హైడ్రోజన్ బంధం 375 దగ్గరే ఉంటుంది, బెంజీన్ రింగు మీది హైడ్రోజన్లకు 460 దాటాలి. చీకట్లో ఐరన్ క్లోరైడ్ వేస్తే రింగు మీద పడేది వేరే దారి, అక్కడ రాడికల్సే లేవు. ఎన్‌బీఎస్ (ఎన్-బ్రోమోసక్సినిమైడ్) అనగానే అల్లైలిక్ స్థానం (ద్విబంధం పక్క కార్బన్) అని బట్టీ పడతారు, అదీ 370 దగ్గరి బంధమే, ఏరుకునేదీ మన బ్రోమినే. మూడోది పెరాక్సైడ్ ప్రభావం, అంటే పెరాక్సైడ్ ఉంటే హైడ్రోజన్ బ్రోమైడ్ ద్విబంధానికి తిరగబడి చేరడం, 1933లో ఖరాష్ బయటపెట్టింది. హైడ్రోజన్ బ్రోమైడ్‌కే ఎందుకు, క్లోరైడ్‌కి ఎందుకు కాదు అని ప్రతి ఏడూ పిల్లలు బట్టీ పడుతుంటే నాకు విసుగొస్తుంది. కార్బన్ రాడికల్ వచ్చి హైడ్రోజన్ తీసుకోవాలి. 366 ఖర్చుపెట్టి 412 సంపాదిస్తే గొలుసు నడుస్తుంది, 431 ఖర్చుపెట్టి 412 సంపాదిస్తే కుంటుతుంది. హైడ్రోజన్ అయోడైడ్‌కి ఈ మెట్టు తేలికే, కానీ అయోడిన్ రాడికల్ ద్విబంధానికి చేరే మెట్టు దగ్గరే నష్టం.

ఇంకొకటి సిలబస్‌లో లేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఈసారి ఇంటికెళ్లినప్పుడు వంటింట్లో సన్‌ఫ్లవర్ నూనె ప్యాకెట్ వెనక చూడు, చాలావాటి మీద యాంటీ ఆక్సిడెంట్ 319 అని ఉంటుంది. ఆ నూనెలో లినోలిక్ ఆమ్లం ఉంటుంది, రెండు ద్విబంధాల మధ్య ఇరుక్కున్న హైడ్రోజన్లతో. అవి మామూలు హైడ్రోజన్ల కన్నా 100 కిలోజౌళ్లు తేలిగ్గా ఊడతాయి. గాలిలోని ఆక్సిజన్ చేరి పుట్టే పెరాక్సీ రాడికల్ సంపాదించే బంధం 370 దగ్గర. మన బ్రోమిన్‌ది 366. అంటే ఇదీ కుళాయిలు తిప్పి చూసే రకమే! అందుకే సరిగ్గా ఆ ఇరుక్కున్న హైడ్రోజన్‌నే ఏరుకుని, గొలుసు సాగించి, నూనెకి ఆ పాత వాసన తెస్తుంది. 319 అంటే టీబీహెచ్‌క్యూ. అది తన హైడ్రోజన్‌ని ఇంకా త్వరగా ఇచ్చేసి గొలుసు తెంపుతుంది. కొబ్బరినూనెలో అలా ఇరుక్కున్న హైడ్రోజన్లు చాలా తక్కువ, కాబట్టే చాలాకాలం నిలవుంటుంది.

ఇప్పుడు పుస్తకం మూసి ఈ ఒక్క లెక్క చెయ్యి. 2-మిథైల్‌బ్యూటేన్‌కి గది ఉష్ణోగ్రతలో వెలుగులో క్లోరిన్, ఒక్క హైడ్రోజన్ మాత్రమే మారాలి. ఏమేమి వస్తాయి, ఎంతెంత? ఒకే కార్బన్‌కి అంటుకున్న రెండు మిథైళ్లలో హైడ్రోజన్లు ఆరు, అవతలి కొస మిథైల్‌లో మూడు, మధ్య సెకండరీ రెండు, టెర్షియరీ ఒకటి. నాలుగు రకాలు వస్తాయి. పైన చెప్పిన వరసలోనే సుమారు 28, 14, 35, 23 శాతం. ప్రశ్నలో స్టీరియో ఐసోమర్లతో కలిపి అని ఉంటే నాలుగు కాదు, ఆరు. ఏ రెండింటికి కైరల్ కార్బన్ (నాలుగు వేర్వేరు గుంపులు అంటుకున్న కార్బన్) ఉందో బొమ్మ గీసి చూసుకో. అదే అణువుకి బ్రోమిన్ ఇస్తే శాతాలు ఏమవుతాయో కూడా అక్కడే కింద రాసి, కాగితం మీ రూమ్మేట్‌కి ఇచ్చి చెక్ చేయించుకో.